మీటిన తర్వాత మిగిలేది: ఎలక్ట్రిక్ గిటార్‌లో నాదం నిలవడం వెనుక కథ

కర్నూలు చుట్టుపక్కల పెళ్లి ఆర్కెస్ట్రాలలో లీడ్ గిటార్ వాయించేవాడికి కీబోర్డు వాయించేవాడి మీద లోలోపల కాస్త అసూయ ఉంటుంది. నిదానమైన పాటలో పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే బిట్‌లో కీబోర్డు మిత్రుడు మీట మీద వేలు ఎంతసేపు ఉంచితే స్వరం అంతసేపూ పలుకుతుంది. గిటార్ మీదనేమో తీగ మీటిన మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లడం మొదలవుతుంది. చాలా ఏళ్ల కిందట మా బృందంలోని పెద్దాయన ఒకరు నా వాయింపు విని, "ఏమప్పా, నువ్వు మీటితే బాయిలో రాయేసినట్టుంది, టప్పుమని పడి మునిగిపోతాది" అన్నారు. అది ఎగతాళే అయినా అందులో అబద్ధం లేదు. ఆ మునక ఎందుకు జరుగుతుందో, దాన్ని ఎంతవరకు వాయిదా వేయవచ్చో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. దారిలో విన్న సలహాలలో సగం తప్పులని కూడా ఆ క్రమంలోనే తెలిసింది.

మీటిన స్వరం చెవికి అందకుండా పోయేదాకా పట్టే కాలాన్ని గిటార్ వాయించేవాళ్లు సస్టెయిన్ అంటారు. వయొలిన్‌కు కమాను, నాదస్వరానికి ఊపిరి స్వరం సాగినంతసేపూ శక్తిని అందిస్తూనే ఉంటాయి కాబట్టి ఆ వాద్యాలకు ఈ చిక్కు లేదు. వీణ, గిటార్, మాండొలిన్ వంటి మీటు వాద్యాలకు మాత్రం శక్తి ఒక్కసారే, మీటిన క్షణంలోనే అందుతుంది. ఆ తర్వాత జరిగేదంతా ఖర్చే. మన సంగీతం విని పెరిగిన చెవికి ఇది మామూలు లోటు కాదు, ఎందుకంటే మనం స్వరంలో వెతికే అందం చాలావరకు మీటు దగ్గర కాక మీటు తర్వాత ఉంటుంది. జారు గానీ కంపితం గానీ తీగ మోగుతూ ఉండగా దాన్ని లాగి పలికించేవే. నాదం ముందే ఆరిపోతే వేలు ఊగుతూనే ఉంటుంది, చెవికి మాత్రం ఏమీ అందదు. అందుచేత సస్టెయిన్ అంటే ఎన్ని సెకన్లు అని కాక, అనుకున్న గమకం, అంటే స్వరాన్ని ఇలా ఊపి జార్చి పలికించడం, పూర్తయ్యేదాకా స్వరం బతికి ఉందా లేదా అని అడగడమే సరైన ప్రశ్న అని నా అభిప్రాయం.

శక్తి ఎటు పోతుందో అర్థం కావడానికి మన కె.సి. కాలువను తలచుకుంటే సరిపోతుంది. సుంకేసుల దగ్గర వదిలిన నీరు కడప వైపు సాగుతూ దారిపొడవునా తగ్గిపోతుంది. కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది, కొంత తూముల గుండా పొలాలకు పారుతుంది. ఇంకేదీ ఆవిరయ్యేదీ నష్టం, తూముల్లో పారేది ప్రయోజనం, కానీ కాలువ చివరి రైతు వైపు నుంచి చూస్తే మూడూ ఒకటే. తీగలో కంపించే శక్తి కూడా ఇలాగే మూడు దారుల్లో పోతుంది. తీగ లోహంలోని అంతర్గత ఘర్షణ కొంత తింటుంది. తీగ చుట్టూ ఉన్న గాలి దాని కదలికను అడ్డుకుని ఇంకొంత తింటుంది. మిగిలినది తీగ రెండు కొనల నుంచి, అంటే ఒకవైపు బ్రిడ్జి (శరీరం మీద తీగలు ఆనే దిమ్మ) గుండా, మరోవైపు నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) లేదా వేలు నొక్కిన ఫ్రెట్ (వీణ మెట్టు లాంటి లోహపు పట్టీ) గుండా చెక్కలోకి జారిపోతుంది.

మామూలు అకౌస్టిక్ గిటార్‌లో ఈ మూడో దారే ప్రధానమైన తూము. సన్నని తీగ తనంతట తాను గాలిని పెద్దగా కదిలించలేదు. బ్రిడ్జి కింద ఉన్న పలుచని పలకను కదిలిస్తే, ఆ పలక గాలిని కదిలిస్తుంది. పలక ఎంత తేలికగా కదిలితే శబ్దం అంత పెద్దది, తీగలో శక్తి ఖర్చయ్యే వేగమూ అంత ఎక్కువే. అంటే అకౌస్టిక్ వాద్యం తయారుచేసేవాడు పెద్దగా మోగడానికీ ఎక్కువసేపు మోగడానికీ మధ్య ఎప్పుడూ బేరమాడుతూ ఉండాలి. పనస కర్రతో వీణ చేసేవారి నైపుణ్యంలో పెద్ద భాగం ఈ బేరమేనని నాకు అనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ గిటార్ చేసిన అసలు పని ఈ బేరాన్ని రద్దు చేయడం. తీగ కింద ఉండే పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి ఆ చుట్లలో చిన్న వోల్టేజి పుడుతుంది. ఈ పని కోసం పికప్ తీగ నుంచి తీసుకునే శక్తి దాదాపు లేనట్టే. కాలువ గట్టున పాతిన కొలబద్ద నీటిమట్టం చూపిస్తుందే తప్ప నీరు తాగదు కదా, పికప్ కూడా అలాంటిదే. శబ్దాన్ని పెద్దది చేసే శక్తి గోడలోని ప్లగ్ నుంచి ఆంప్లిఫయర్‌కు వస్తుంది, తీగ నుంచి కాదు. ఒకసారి ఈ ఏర్పాటు కుదిరాక పలుచని పలకతో పని లేదు, తూములన్నీ మూసేయవచ్చు. 1932లో అమ్మకానికి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటైన, పెనం ఆకారం వల్ల ఫ్రైయింగ్ పాన్ అని పేరుపడ్డ రికెన్‌బాకర్ ల్యాప్ స్టీల్, అల్యూమినియంతో పోతపోసినది. లెస్ పాల్ అనే అమెరికన్ వాద్యకారుడు రైలు పట్టా ముక్క మీద తీగ బిగించి, కింద టెలిఫోన్ రిసీవర్ భాగం పెట్టి, నాదం ఎంతసేపు నిలుస్తుందో కుర్రతనంలోనే ప్రయోగం చేశానని చెప్పేవాడు. మన పల్లె బడుల్లో చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కనే గంటగా కొట్టడం చూసినవారికి ఆ ఆలోచన ఎక్కడిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. పట్టాను భుజాన వేసుకుని వాయించలేడు కాబట్టి 1940 ప్రాంతంలో అతను ఒక గట్టి పైన్ దుంగతో గిటార్ చేసుకున్నాడు. 1950లో ఫెండర్ సంస్థ, 1952లో అతని పేరు మీదే గిబ్సన్ సంస్థ గట్టి చెక్క గిటార్లను మార్కెట్లోకి తెచ్చాయి.

సలహాలలో తప్పులు మొదలయ్యేది ఇక్కడే. నేను మొదటిసారి సొంత డబ్బుతో గిటార్ కొన్నప్పుడు, బరువెక్కువ ఉంటే సస్టెయిన్ ఎక్కువని అంగడివాడు చెప్పిన మాట నమ్మి, ఉన్నవాటిలో బరువైనది ఎంచుకున్నాను. రెండు గంటల కచేరీకి భుజం పడిపోయింది, స్వరం మాత్రం పాత గిటార్ కంటే ఒక్క క్షణం కూడా ఎక్కువ నిలవలేదు. బరువైన, గట్టి ఆధారం తీగలోని అలను తిరిగి తీగలోకే నెట్టేస్తుందన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ బరువు, ఆ గట్టితనం తీగ ఆనే చోట, అంటే బ్రిడ్జిలో, నట్‌లో, ఫ్రెట్లలో, వాటిని మోసే పొడవాటి కర్ర అయిన నెక్‌లో ఉండాలి. శరీరం అంచున ఉన్న చెక్క బరువుతో తీగకు పెద్దగా సంబంధం లేదు. ఇలాంటిదే మరో నమ్మకం, మీటినప్పుడు గిటార్ శరీరం పొట్టకు ఆని గుర్రుమంటే మంచి సస్టెయిన్ ఉన్నట్టని. వాయించేవాడికి ఆ అదురు ఆనందమిస్తుందన్నది నిజమే, కానీ లెక్క ప్రకారం అది తీగ నుంచి బయటపడిన శక్తి, గట్టు మీద కనిపించే తడి లాంటిది. నెక్‌ను శరీరానికి జిగురుతో అతికించాలా, మరలతో బిగించాలా అనే వాదం కూడా తరాలుగా సాగుతోంది. కొలిచి చూసిన ప్రయోగాల్లో అతుకు రకం వల్ల వచ్చే తేడా మాటల్లో వినిపించినంత పెద్దదిగా కనబడలేదు. ఏ రకమైనా బిగువుగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

నెక్ గురించి మాత్రం శ్రద్ధగా వినాలి, ఎందుకంటే గిటార్‌లో అన్నిటికంటే సన్నగా, పొడవుగా, సులభంగా ఊగేది అదే. ఏ పొడవాటి కర్రకైనా కొన్ని సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. వాయించిన స్వరం వాటిలో ఒకదానికి దగ్గరగా వస్తే తీగలోని శక్తి నెక్‌లోకి ధారగా పారిపోతుంది, ఆ ఒక్క స్వరం పక్క స్వరాలకంటే ముందుగా ఆరిపోతుంది. వాద్యకారులు దీన్ని డెడ్ స్పాట్ అంటారు. ఒకే తీగ మీద వరుసగా ఒక్కో ఫ్రెట్ మీటుతూ పోతే, అన్నీ సాఫీగా మోగి ఏదో ఒక్కటి మాత్రం గొంతు పట్టినట్టు ఆగిపోవడం ఇందువల్లే. అనుమానం ఉంటే తీగలను నొక్కిపట్టే కాపో అనే పట్టునో, చిన్న క్లాంపునో గిటార్ తలకు బిగించి మళ్లీ మీటి చూడవచ్చు. తలకు చేరిన ఆ కాస్త బరువుతో నెక్ సహజ పౌనఃపున్యం మారి, చచ్చిన చోటు ఒకటి రెండు ఫ్రెట్లు పక్కకు జరుగుతుంది. అది పోదు, జరుగుతుంది అంతే. మన పాటలో అవసరం లేని స్వరం మీదికి జరిగితే అదే లాభం.

ఆరే వేగం అన్ని స్వరాలకూ ఒకటి కాదు. అన్నిటికంటే లావు తీగ ఏ ఫ్రెట్ నొక్కకుండా మోగినప్పుడు సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. అన్నిటికంటే సన్న తీగ 12వ ఫ్రెట్ మీద 659 సార్లు కంపిస్తుంది. ప్రతి కంపనానికీ కొంత శక్తి పోతుంది కాబట్టి పై స్వరాలు త్వరగా ఆరిపోవడం ప్రకృతి న్యాయమే. ఒకే స్వరంలో కూడా ప్రధాన కంపనంతో కలిసి మోగే పై ఉపస్వరాలు ముందు చచ్చిపోతాయి, అందుకే మీటిన క్షణంలో మెరిసిన శబ్దం కాసేపటికి మొద్దుబారుతుంది. తీగలు పాతబడితే ఈ మొద్దుబారడం మరీ వేగం. పైన సన్న తీగ చుట్టిన లావు తీగల సందుల్లో చెమట, చర్మపు మురికి చేరి ఉపస్వరాలను మింగేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను గాలి కూడా వేడిగా తగిలే గదిలో సాధన చేసేవారు తీగలను వాయించాక పొడిగుడ్డతో తుడవకపోతే పదిహేను రోజుల్లోనే తేడా వింటారు.

ఆ ఎండే ఇంకో పని కూడా చేస్తుంది. కర్నూలులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారినప్పుడు నెక్ చెక్కలోని తేమ తగ్గుతుంది; సాధారణంగా నెక్‌కు ఉండవలసిన స్వల్పమైన ముందు వంపు కూడా తగ్గి, తీగలు ఫ్రెట్లకు మరీ దగ్గరవుతాయి. అప్పుడు తీగ ఊగినప్పుడల్లా ముందున్న ఫ్రెట్‌ను గీరుతుంది, ఆ ప్రతి గీరుడూ శక్తిని దొంగిలిస్తుంది. స్పీకర్‌లో గరగర వినిపించకపోవచ్చు, స్వరం మాత్రం సగంలో ఆగిపోతుంది. వానలు పడ్డాక నెక్ మళ్లీ ముందుకు వంగి, తీగలు ఎత్తుగా, నొక్కడానికి బరువుగా అవుతాయి. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉన్నదే ఈ వంపును సరిచేయడానికి. నేను మోసపోయి కొన్న ఆ బరువు గిటార్‌లో అసలు రోగం కూడా చెక్కలో లేదు. తీగలను అతి తక్కువ ఎత్తులో పెట్టడం, ఒక ఫ్రెట్ మిగతావాటి కంటే కాస్త పైకి లేచి ఉండడం. నంద్యాలలో చర్చి వాద్యాలను బాగుచేసే ఒకాయన పది నిమిషాలు ఉక్కు స్కేలు ఆనించి చూసి, ఆ ఫ్రెట్‌ను అరగదీసి, తీగలను వెంట్రుకవాసి పైకెత్తారు. కొత్త గిటార్ కొన్నంత తేడా వచ్చింది.

పికప్‌ల ఎత్తు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తీగకు దగ్గరైతే శబ్దం పెరుగుతుందని వాటిని పైకి ఎత్తేస్తే, అయస్కాంతమే తీగను పట్టి లాగి దాని ఊగుడును చెరుపుతుంది. లావు తీగలపై, నెక్ వైపు పికప్ దగ్గర ఇది స్పష్టంగా తెలుస్తుంది. కొలబద్ద నీరు తాగదని పైన చెప్పిన మాటకు ఇదొక్కటే మినహాయింపు. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి చూసినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలు.

చేతి సంగతి చెప్పకుండా వాద్యాన్ని నిందించడం న్యాయం కాదు. ఎడమ చేతి వేలు ఫ్రెట్‌కు సరిగ్గా వెనుక, గట్టిగా ఆనకపోతే తీగ లోహం మీద కాక మెత్తని మాంసం మీద ఆగుతుంది, మాంసం శక్తిని స్పాంజిలా పీల్చేస్తుంది. తీగను లాగినప్పుడు ఇది రెట్టింపవుతుంది, ఎందుకంటే లాగుతున్న వేలు పట్టు సడలకుండా పక్కకు జరగాలి, వెనుక రెండు వేళ్లు దానికి ఆసరా ఇవ్వాలి. పాత ఫెండర్ గిటార్ల ఫ్రెట్‌బోర్డు అడ్డంగా బాగా గుండ్రంగా ఉంటుంది. ఆ వంపు వ్యాసార్ధం 184 మిల్లీమీటర్లే. అలాంటి గిటార్ మీద సన్న తీగను పైకి లాగితే అది నడుమ ఎత్తున ఉన్న ఫ్రెట్లకు తగిలి స్వరం ఠక్కున తెగిపోతుంది. గమకం వాయించాలనుకునేవారు గిటార్ కొనేటప్పుడు చెక్క జాతి కంటే ముందు ఈ వంపు గురించి అడగాలి.

ఇంతవరకు చెప్పుకున్నది తీగ సంగతి. వినేవాడికి తీగతో పని లేదు, స్పీకర్‌లో ఏం వస్తుందన్నదే అతనికి లెక్క, అందువల్ల సస్టెయిన్ సగం కథ ఆంప్లిఫయర్‌లో నడుస్తుంది. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. మీటిన క్షణంలో పికప్ 200 మిల్లీవోల్టులు ఇస్తోందని, ఆ స్వరం సెకనుకు 8 డెసిబెల్‌ల చొప్పున తగ్గుతోందని అనుకుందాం. ఆంప్లిఫయర్ గెయిన్, అంటే సంకేతాన్ని పెద్దది చేసే మోతాదు, బాగా పెంచి, 10 మిల్లీవోల్టులు దాటినదేదైనా ఒకే ఎత్తున కత్తిరించుకుపోయేలా పెట్టామనుకుందాం. మనం డిస్టార్షన్ అనేది ఈ కత్తిరింపునే. 200 నుంచి 10కి దిగడమంటే ఇరవయ్యో వంతుకు దిగడం, అంటే 26 డెసిబెల్‌లు, అంటే 3.25 సెకన్లు. తీగ ఆ మూడుంపావు సెకన్లూ యథాప్రకారం ఆరిపోతూనే ఉంటుంది, కానీ స్పీకర్‌లో శబ్దపు ఎత్తు తగ్గదు, ఎందుకంటే కత్తెర ఎప్పుడూ ఒకే ఎత్తులో కోస్తోంది. తగ్గుదల అంతా మన కంటికి కనబడని చోట జరిగిపోతుంది. కంప్రెసర్ పెడల్ కూడా ఇదే ఫలితాన్ని స్వరాన్ని గరుకు చేయకుండా సాధిస్తుంది. మీటిన దెబ్బను అణచి, తోకను పైకెత్తుతుంది.

దీనికి మూల్యం ఉంది. గెయిన్ తోకను ఎత్తినట్టే, తోక పక్కనే పొంచి ఉన్న రొదను కూడా ఎత్తుతుంది. కల్యాణ మండపంలో ఎర్తింగ్ సరిగా లేని చోట, జనరేటర్ మీద నడిచే లైట్ల పక్కన నిలబడి ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ గిటార్ వాయించినవారికి 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత ఎంత విసిగిస్తుందో తెలుసు. రెండు కాయిల్‌లను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ మోతను రద్దు చేసే హంబకర్‌ను గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించాడు, 1957 నుంచి అది లెస్ పాల్ గిటార్లలో వచ్చింది. ఎక్కువ గెయిన్‌తో పొడవైన స్వరాలు వాయించేవారు ఆ గిటార్‌ను ఇష్టపడటానికి మహోగనీ చెక్క ఎంత కారణమో, ఈ నిశ్శబ్దమూ అంత కారణమేనని నేననుకుంటాను.

ఖర్చును తగ్గించడమూ, కప్పిపుచ్చడమూ కాక మూడో మార్గం ఒకటుంది, పోయిన శక్తిని తిరిగి తీగలో పోయడం. స్పీకర్ శబ్దం గాలిలో వచ్చి తీగను సరైన తాళంలో తోస్తే స్వరం ఆరదు, వాయించేవాడు వేలు తీసేదాకా నిలుస్తుంది. ఇది ఫీడ్‌బ్యాక్. మైకు కీచుమన్నప్పుడు తిట్టుకునేది కూడా ఇదే, కాకపోతే ఇక్కడ తీగ దాన్ని ఒక స్వరానికి కట్టేస్తుంది. తోపు తీగ ఊగుడుకు అనుకూలంగా పడాలి, ఊయల తోసేవాడు ఊయల వెనక్కి వచ్చి ఆగిన క్షణంలోనే తోసినట్టు. 294 హెర్ట్జ్ స్వరానికి గాలిలో అల పొడవు సుమారు 118 సెంటీమీటర్లు కాబట్టి, స్పీకర్ నుంచి 60 సెంటీమీటర్లు ఇటో అటో జరిగితే సాయపడే తోపు కాస్తా అడ్డుపడే తోపవుతుంది. 1977లో ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బోవీ రికార్డింగుకు గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ వాయించినప్పుడు ఏ స్వరానికి ఎంత దూరంలో నిలబడాలో స్టూడియో నేల మీద గుర్తులు పెట్టుకున్నాడని నిర్మాత టోనీ విస్కాంటీ చెప్పాడు. అంత శబ్దం పెట్టే వీలు లేనివారికి 1976లో అమ్మకానికి వచ్చిన ఈబో ఉంది; చేత్తో పట్టుకునే ఈ చిన్న పరికరం బ్యాటరీ శక్తితో అయస్కాంతం ద్వారా ఒక్క తీగను ఆపకుండా కదిలిస్తుంది. మన ఇళ్ల గోడలు పక్కింటితో పంచుకునేవి కాబట్టి రాత్రి సాధనకు నాకు ఇదే దిక్కు.

నాదం నిలవడం మన సంగీతంలో ఏం మార్చగలదో తెలియాలంటే పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను వినాలి. మామూలు మాండొలిన్‌కు నాలుగు జంట తీగలు ఉంటాయి, స్వరం త్వరగా ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్య పద్ధతిలో పొడవైన స్వరం కావాలంటే తీగను వేగంగా మళ్లీ మళ్లీ మీటుతారు. అలా మీటుతూ ఉంటే గమకానికి చోటు ఉండదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను తీసుకుని ఐదు ఒంటి తీగలతో వాయించారు. ఒక్క మీటుతో మోగే తీగను ఆంప్లిఫయర్ నిలబెడుతూ ఉండగా దాన్ని లాగి, జార్చి, కర్ణాటక సంగీతం ఒప్పుకునే గమకాలను పలికించారు. అంత చిన్న వాద్యం కచేరీ వేదిక ఎక్కడంలో ఆయన ప్రతిభదే మొదటి పాత్ర, కానీ స్వరం నిలవకపోతే ఆ ప్రతిభకు కాలు మోపే చోటే దొరికేది కాదు.

అయితే ఎక్కువైన నాదం కూడా చిక్కే. వేగంగా నడిచే స్వరాల్లో ముందు స్వరం ఆరకుండా తర్వాతి స్వరంలోకి పారితే బురద అవుతుంది. గెయిన్ పెంచినకొద్దీ మీటని తీగలు కూడా గొణుగుతాయి. కాబట్టి నిలబెట్టడం నేర్చినవాడు కుడి అరచేతి అంచుతో, ఎడమ చేతి ఖాళీ వేళ్లతో ఆపడం కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోక తప్పదు.

గిటార్‌ను పరీక్షించడానికి నేను గడియారం వాడను, తోడి రాగం వాడతాను. మూడో తీగ 7వ ఫ్రెట్ మీద షడ్జమం అనుకుంటే, 8వ ఫ్రెట్ మీద శుద్ధ రిషభం వస్తుంది. ఆంప్లిఫయర్ గెయిన్ తగ్గించి ఆ ఫ్రెట్ మీద ఒక్కసారే మీటి, తీగను లాగుతూ వదులుతూ రెండు ఫ్రెట్ల పైనున్న గాంధారాన్ని ఊపి పలికించాలి. ఆరోగ్యంగా ఉన్న గిటార్ మీద నాలుగైదు ఊపులు వినిపించి ఆ తర్వాతే స్వరం మసకబారుతుంది. ఈ మే నెలలో నాది మూడో ఊపుకే ఆగిపోతోంది. ట్రస్ రాడ్‌ను పావు మలుపు వదులు చేయాలి.